పది శాతం వెలుతురు

మా ఇంటి లాప్‌టాప్ బ్యాటరీ ఆరోగ్యాన్ని నేను చూసుకున్నంత శ్రద్ధగా నా ఆరోగ్యాన్ని ఎప్పుడూ చూసుకోలేదు. షుగరు పరీక్షకి వెళ్ళమని డాక్టరు రాసిచ్చిన చీటీ ఏడాదిపాటు పర్సులో మడతలు పడి చిరిగిపోయింది. బ్యాటరీకి మాత్రం ప్రతి ఆదివారం ఉదయం పరీక్ష. దాని రిపోర్టు తీసి, స్క్రీన్‌షాట్ దాచుకుని, ఆ తర్వాతే పళ్ళు తోముకునేవాణ్ణి. కొన్న నాలుగేళ్ళకి కూడా తొంభై ఆరు శాతం. ఆఫీసులో తోటివాళ్ళు భోజనాల దగ్గర ఫ్లాట్ల రేట్లు, పిల్లల మార్కులు చెప్పుకుంటుంటే నేను ఫోన్ తీసి ఆ తొంభై ఆరు చూపించేవాణ్ణి. వాళ్ళు మర్యాదస్తులు. "వావ్" అనేసి మళ్ళీ పప్పులోకి వెళ్ళిపోయేవాళ్ళు.

ఈ ఘనత ఊరికే రాలేదు. ఇంట్లో కఠినమైన నియమాలు పెట్టాను. బ్యాటరీ అరవై శాతానికి మించి ఛార్జ్ కాకూడదు. దానికి లాప్‌టాప్‌లోనే ఒక సెట్టింగ్ ఉంది, అది పెట్టేశాను. తెర బ్రైట్‌నెస్ ఇరవై దాటకూడదు. పని చేస్తున్నంతసేపు వైరు తగిలించి ఉంచకూడదు. ఇందులో మొదటి నియమం ఎప్పుడూ వైరు తగిలించి వాడేవాళ్ళ కోసం ఎవరో చెప్పింది. మూడోది అసలు ఎవరి కోసం చెప్పారో, చెప్పారో లేదో కూడా తెలియదు. నేను అన్నిటినీ కలిపి ఒకేసారి అమలు చేశాను. ఉపవాసం ఉన్న మనిషికి పథ్యం కూడా పెట్టినట్టు. దాంతో మా లాప్‌టాప్ ఎప్పుడూ సగం ఆకలితో, సగం చీకటిలో, చాలా ఆరోగ్యంగా ఉండేది.

ఇంత ఆరోగ్యమైన లాప్‌టాప్‌ను వాడేది నేను కాదు. నా భార్య. నాకు కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్ వేరే ఉంది. దాని బ్రైట్‌నెస్ ఎప్పుడూ వంద. మేముండేది గ్రేటర్ నోయిడా వెస్ట్‌లో, ఆఫీసు గురుగ్రామ్‌లో. క్యాబ్‌లో రెండు గంటలు. అద్దంలోంచి ఎండ తెరమీద పడుతుంది కాబట్టి వంద పెట్టుకుంటాను అని చెప్పేవాణ్ణి. సాయంత్రం ఎండ లేనప్పుడు కూడా వందే ఉండేది. అది కంపెనీ బ్యాటరీ, చస్తే కంపెనీ ఇంకోటి ఇస్తుంది. పొదుపు అనే సుగుణం నాలో నిండుగా ఉంది, కాకపోతే దాన్ని పాటించే పని పక్కవాళ్ళకి అప్పగిస్తాను.

నా భార్య పెళ్ళికి ముందు గుంటూరులో బయాలజీ టీచరు. ఇక్కడికి వచ్చాక, పాప పుట్టాక, తొమ్మిదేళ్ళు ఉద్యోగం లేదు. పాప నాలుగో తరగతికి వచ్చాక మళ్ళీ ప్రయత్నం మొదలుపెట్టింది. రోజూ మధ్యాహ్నం ఆ ఇరవై శాతం వెలుతురులో కూర్చుని దరఖాస్తులు పెట్టేది, ఏవో కోర్సులు చదివేది. సాయంత్రానికి తలనొప్పి. ఒకసారి కళ్ళజోడు షాపులో పరీక్ష చేసినాయన, "దీదీ, మీరు తక్కువ వెలుతురులో చదువుతారా?" అని ఆమెని అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపే నేను జవాబు చెప్పాను. "ఫోన్ భయ్యా. రోజంతా ఫోనే." ఆమె నావైపు చూసింది. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. తెలిసీ ఫ్రేముల ధర అడిగాను.

నోయిడాలో స్కూలు పుస్తకాలు వేసే ఒక సంస్థ నుంచి ఆమెకి పిలుపు వచ్చింది. సైన్సు పుస్తకాలు అచ్చుకి వెళ్ళేముందు పేజీలు చూసి తప్పులు పట్టుకునే పని. ఆన్‌లైన్‌లో పదకొండింటికి ఇంటర్వ్యూ, ఆ వెంటనే రెండు పేజీల పరీక్ష. వాళ్ళు కావాలని తప్పులు పెట్టిన పేజీలు తెరమీద వస్తాయి, వాటిని గుర్తించాలి. ఫోన్‌లో కుదరదు, లాప్‌టాప్‌లోనే రాయాలి అని మెయిల్‌లో స్పష్టంగా రాశారు. తొమ్మిదేళ్ళలో ఇంటర్వ్యూదాకా వచ్చింది అదొక్కటే. వారం రోజులు ఆమె పాత పాఠ్యపుస్తకాలు ముందేసుకుని బొమ్మలు, వాటి కింద పేర్లు చూస్తూ కూర్చుంది. "గుండె బొమ్మలో కుడీ ఎడమా తారుమారు చేస్తారంట. చూసేవాళ్ళకి తెలీదు," అని ఉత్సాహంగా చెప్పింది. నేను అప్పుడు ఫోన్‌లో ఏదో చూస్తున్నాను. "ఊఁ" అన్నాను.

ఆ రోజు ఉదయం తలుపు దగ్గర నిలబడి "ఆల్ ది బెస్ట్" చెప్పాను. నా వీపుకి బ్యాగు తగిలించి ఉంది. ఆ బ్యాగులో ఇంటి లాప్‌టాప్ ఛార్జర్ ఉంది.

అదెలా వచ్చిందో చెప్పాలి. కంపెనీ ఇచ్చిన ఛార్జర్ ఆఫీసులో నా డెస్కు కింద, వెనక గోడకున్న సాకెట్‌లో ఉండిపోయింది. దాన్ని తీయాలంటే మోకాళ్ళమీద వంగాలి. ఇంటి ఛార్జర్ పిన్ను కూడా దీనికి సరిపోతుందని తెలిసిన రోజునుంచీ వంగడం మానేశాను. పొద్దున్న ఇంటిది బ్యాగులో వేసుకోవడం, సాయంత్రం చప్పుడు కాకుండా టీవీ కింద డ్రాయర్లో పెట్టేయడం. ఒకటి రెండుసార్లు ఆమె అడిగింది. "ఏమండీ, ఛార్జర్ మీరు తీసుకెళ్తున్నారా?" నేను నొచ్చుకున్నట్టు మొహం పెట్టి, "నాకు ఆఫీసుది ఉంది కదా. అయినా వైరు తగిలించి వాడొద్దని చెప్పానా లేదా?" అన్నాను. దొంగతనం చేసినవాడు నీతి కూడా బోధిస్తే ఇక అనుమానించేదెవరు?

క్యాబ్‌లో వంద బ్రైట్‌నెస్‌తో క్రికెట్ ముఖ్యాంశాలు చూసుకుంటూ వెళ్ళాను కాబట్టి, ఆఫీసు చేరేసరికి నా లాప్‌టాప్‌లో పన్నెండు శాతం మిగిలింది. నేరుగా మీటింగ్ గదిలోకి వెళ్ళి ఛార్జర్ తగిలించాను. పదిన్నరకి ఫోన్ మోగింది.

"ఏమండీ, ఛార్జర్ కనపట్లేదు. పాప పొద్దున ప్రాజెక్టు చేసుకుంది, ఛార్జి నలభై ఒక శాతమే ఉంది. ఎక్కడ పెట్టారు?"

ఛార్జర్ నా ఎదురుగా ఉంది. దాని ఆకుపచ్చ లైటు నన్నే చూస్తోంది. "నా దగ్గరుంది" అనడానికి రెండు సెకన్లు చాలు. కానీ చుట్టూ ఆరుగురున్నారు, పైగా నెల రోజులుగా తీసుకెళ్ళలేదని చెప్పినవాణ్ణి. అందుకని గొంతులో కొంచెం విసుగు కూడా కలిపి, "టీవీ కింద డ్రాయర్లోనే ఉంటుంది, సరిగ్గా చూడు" అన్నాను.

పావుగంటకి మళ్ళీ. "లేదండీ. మొత్తం తీసి కిందపోశాను."

"సోఫా వెనక పడిందేమో చూడు. ఇంట్లోనే ఉంటుంది, ఎక్కడికి పోతుంది?"

ఇలా లేని వస్తువును వెతకమని మనిషిని తిప్పుతున్నంతసేపూ నేను మీటింగులో తెరమీద బాణాలు గీసిన చిత్రం చూపిస్తూ, పనిలో నిజాయితీగా సమాచారం పంచుకోవడం ఎంత అవసరమో వివరిస్తున్నాను. ఆ చిత్రం గీసింది కూడా నేనే.

పదకొండుకి రెండు నిమిషాలుందనగా మూడోసారి. ఈసారి ఆమె గొంతు ఆయాసంతో ఉంది. "ముప్ఫై ఎనిమిది. గంటన్నర పడుతుందన్నారు. వీడియో కూడా ఆన్‌లో ఉండాలి. ఏం చెయ్యను?"

దీనికి మాత్రం నా దగ్గర సిద్ధాంతం ఉంది. "కంగారు పడకు. బ్రైట్‌నెస్ పదికి తగ్గించు. హాయిగా వస్తుంది."

"పదికా? ఇరవైకే కనపడి చావట్లేదు."

"చెప్పింది చెయ్యి. బ్యాటరీ గురించి నీకంటే నాకు తెలుసు."

ఆమె చెప్పింది చేసింది. తర్వాత జరిగింది ఆమె నాకు ముక్కలు ముక్కలుగా చెప్పింది, కొంత నేనే ఊహించుకున్నాను. నలభై నిమిషాలు మాట్లాడారు. ఎదురుగా ముగ్గురు, ఆమెకి ముగ్గురూ నీడల్లా ఉన్నారు. ఎవరు నవ్వుతున్నారో ఎవరు మొహం చిట్లిస్తున్నారో తెలియలేదు. ఒకరు, "మీ మొహం సరిగ్గా కనిపించడం లేదు, కొంచెం వెలుతురులోకి వస్తారా?" అని అడిగారట. ఆమె కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుంది. దాంతో ఆమె మొహం వాళ్ళకి కనపడింది, ఎండ పడి తెర ఆమెకి బొత్తిగా కనపడటం మానేసింది. అదే సమయంలో మొదటి పేజీ వచ్చింది. పువ్వు నిలువుకోత బొమ్మ. భాగాల పేర్లు సన్నటి లేత బూడిదరంగు అక్షరాల్లో. తెరకి ముక్కు ఆనించి చదివింది. పేజీ అయ్యేసరికి పదమూడు శాతం.

రెండో పేజీ తెరిచాక ఆమె ఒక పని చేసింది. నేను నాలుగేళ్ళలో ఆ ఇంట్లో ఎవరినీ చెయ్యనివ్వనిది. బ్రైట్‌నెస్ మీట నొక్కి పట్టుకుని వందదాకా తీసుకెళ్ళింది.

"ఎలాగూ పోయేదే కదా. పోయేదాకా అయినా కనపడనీ అనుకున్నా," అంది నాతో తర్వాత.

రెండో పేజీ పూర్తిచేసి పంపించింది. "థాంక్యూ మేడమ్" అంటుండగా తెర నల్లబడింది.

సాయంత్రం నేను ఇంటికి బయలుదేరాను. క్యాబ్‌లో రెండు గంటలు నాకు దొరికాయి. పశ్చాత్తాపపడటానికి అంత సమయం చాలామందికి దొరకదు. నేను ఆ సమయాన్ని పథకం వెయ్యడానికి వాడుకున్నాను. ఇంట్లోకి వెళ్ళగానే చెప్పులు విప్పి, ఆమె వంటింట్లో ఉందని చూసుకుని, బ్యాగులోంచి ఛార్జర్ తీసి సోఫా వెనక జారవిడిచాను. రెండు నిమిషాలాగి, టీవీ రిమోట్ కోసం వంగినట్టు వంగి, గట్టిగా అరిచాను.

"ఇదిగో! సోఫా వెనకే ఉంది. నేను చెప్పానా లేదా?"

ఆమె వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో గరిటె ఉంది. బల్ల దగ్గర బొమ్మలకి రంగులు వేస్తున్న మా పాప తలెత్తింది. అది మేం తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే పిల్ల.

"డాడీ, మమ్మా నే బోలా, పూరా సోఫా హటాయా థా. వహాఁ కుఛ్ నహీఁ థా."

తను స్కూలునుంచి రాగానే వాళ్ళమ్మ చెప్పిందట, సోఫా అంతా జరిపి చూసిందని. అక్కడేమీ లేదట. అప్పుడు గమనించాను, సోఫా ఉండవలసిన చోటుకి జానెడు పక్కకి ఉంది. మా సోఫా ముగ్గురు మోసుకొచ్చిన టేకు సోఫా. ఇంటర్వ్యూకి పది నిమిషాల ముందు, ఆ మనిషి ఒక్కతే, ఇస్త్రీ చీర కట్టుకుని, దాన్ని జరిపింది.

"నువ్వు సరిగ్గా చూసుండవు," అన్నాను. ఎవరితో అన్నానో నాకే తెలియదు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట సాంబారు బాగుందని రెండుసార్లు చెప్పాను.

మర్నాడు నేను ఇంటినుంచే పని చేస్తున్నాను. మధ్యాహ్నం ఆ సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. ఆమె స్పీకర్ పెట్టింది. అవతలావిడ హిందీలో మర్యాదగానే మాట్లాడింది. మొదటి పేజీలో చాలా తప్పులు వదిలేశారు, రెండో పేజీలో ఒక్కటి కూడా వదలలేదు, రెండూ ఒకే మనిషి చేసినట్టు లేవు, మీ పక్కన ఇంకెవరైనా ఉన్నారా అని మా వాళ్ళకి సందేహం, జరిగిందేమిటో రాసి పంపండి, చూసి నిర్ణయిస్తాం అంది.

ఆమె ఫోన్ పెట్టేసింది. ఉద్యోగం రాకపోతే రాకపోయింది, కాపీ కొట్టిందనే మాట ఆమె పేరుమీద ఉండిపోతుంది. టీచరుగా పనిచేసినప్పుడు చీటీలు పెట్టిన పిల్లల్ని పట్టుకున్న మనిషి.

"టెక్నికల్ ఇష్యూ అని రాసేద్దాం," అన్నాను. "అందరూ అదే రాస్తారు."

"అందరూ రాస్తారు కాబట్టే ఎవరూ నమ్మరు." నావైపు తిరిగింది. "జరిగింది నాకు తెలిస్తే కదండీ రాసేది? ఛార్జర్ ఎక్కడికి వెళ్ళిందో మీకు తెలుసు. మీరు రాయండి."

అప్పుడు చెప్పాను. నెల రోజులుగా తీసుకెళ్తున్న సంగతి, మీటింగ్ గది, సోఫా వెనక జారవిడవడం, అన్నీ. కోప్పడుతుందనుకున్నాను. ఆమె ఒక్కటే అడిగింది.

"ఎదురు ఫ్లాటు దీదీ దగ్గర అదే ఛార్జర్ ఉంది, తెలుసా మీకు? అడిగితే ఒక్క నిమిషంలో ఇచ్చేది. ఇంట్లోనే ఉందన్నారు కదా అని అరగంట వెతుక్కుంటూ కూర్చున్నాను. లేదని చెప్పుంటే వెళ్ళేదాన్ని కదండీ?"

బ్యాటరీ ఇరవై ఉంటే ఎంతసేపు వస్తుందో, నలభై ఉంటే ఎంతసేపు వస్తుందో లెక్కలన్నీ నాకు వచ్చు. నేను ఆమె దగ్గర తీసుకున్న ఆ అరగంటకి మాత్రం లెక్క కుదరలేదు.

ఇంగ్లీషులో ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. ఆఫీసులో ఇలాంటివి రాయడంలో నాకు మంచి పేరుంది. కాగితం మీద ఒక పేజీ నిండా రాసి ఆమెకి చూపించాను. ఆమె పెన్సిలు తీసుకుంది.

"దురదృష్టవశాత్తూ ఛార్జర్ అందుబాటులో లేకపోయింది అని రాశారు. ఎవరి దురదృష్టం?"

"అది అలా రాయడం మర్యాద."

"తీసెయ్యండి. అనుకోకుండా నాతోపాటు ఆఫీసుకు వచ్చేసింది అంట. దానంతటదే క్యాబెక్కి వచ్చిందా?"

"సరే, తీసుకెళ్ళాను అని రాస్తాను."

"మా మధ్య సమాచారలోపం వల్ల అని రాశారు. లోపమెక్కడుంది? నేను అడిగాను, మీరు అబద్ధం చెప్పారు. సమాచారం బానే నడిచింది."

ఆమె పెన్సిలుతో గీతలు గీసుకుంటూ పోతూనే ఉంది. బ్యాటరీ మన్నిక గురించి నేను రాసిన పేరా మొత్తం కొట్టేసింది. "ఇది వాళ్ళకెందుకు?" అంది. "వాళ్ళకి అర్థం కావాలి కదా, నేనెందుకు తక్కువ పెట్టమన్నానో," అన్నాను. "వాళ్ళకి అర్థం కావాల్సింది నాకెందుకు కనపడలేదన్నది," అంది.

చివరికి పేజీ కాస్తా అయిదు వాక్యాలైంది. ఛార్జర్ నేను తీసుకెళ్ళాను. నా భార్య రెండుసార్లు ఫోన్ చేసి అడిగినా ఇంట్లోనే ఉందని అబద్ధం చెప్పాను. తెర వెలుతురు పది శాతానికి తగ్గించమన్నది నేనే, మొదటి పేజీ ఆమె అలా చేసింది. రెండో పేజీకి ఆమె నా మాట వినకుండా వెలుతురు పూర్తిగా పెంచుకుంది. ఆ సమయంలో ఇంట్లో ఆమె తప్ప ఎవరూ లేరు. కింద నా సంతకం.

దాన్ని మెయిల్‌లో టైపు చేశాక, పంపే మీట నొక్కడానికి నా వేలు వెనకాడింది. ఆమె ఉద్యోగం గురించి కాదు. నేనెప్పుడూ చూడని ముగ్గురు మనుషులు నోయిడాలో ఒక గదిలో కూర్చుని దీన్ని చదివి నా గురించి ఏమనుకుంటారో అని. అంత జరిగాక కూడా నాకు వచ్చిన బెంగ అది. ఆమె నా భుజం మీదనుంచి చెయ్యి చాపి తనే నొక్కింది.

రెండు రోజులకి జవాబొచ్చింది. సోమవారం ఉదయం ఆఫీసుకి రండి, ఈసారి పరీక్ష కాగితం మీద పెడతాం అని. ఉత్తరం గురించి ఒక్క ముక్క లేదు. నేను సెలవు పెడతాను, తోడు వస్తాను అన్నాను.

"అక్కర్లేదండీ. బస్సెక్కి మెట్రోదాకా వెళ్తా. మీరు పాపని స్కూలునుంచి తీసుకురండి," అంది.

తీసుకొచ్చాను. అన్నం పెట్టాను. పాప, "మమ్మా కబ్ ఆయేగీ?" అని అయిదుసార్లు అడిగింది, అమ్మ ఎప్పుడొస్తుందో నాకూ తెలియదని అయిదుసార్లు చెప్పాను. ఆ మూడు గంటలూ నా ఫోన్ చేతిలోనే ఉంది, కానీ నేనే ముందు చెయ్యడానికి ధైర్యం చాలలేదు. నేను ఫోన్‌లో ఆమెకి చేసిన సాయం ఇద్దరికీ గుర్తుంది.

మూడున్నరకి వచ్చింది. ఎండకి మొహం కందిపోయి ఉంది. ఫ్యాను కింద కూర్చుని రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. నేను ఎదురుగా నిలబడ్డాను.

"ఎలా జరిగింది?"

"పదకొండు తప్పులు పెట్టామన్నారు. నేను పన్నెండు పట్టుకున్నా."

"అదెలా?"

"కప్ప జీర్ణవ్యవస్థ బొమ్మలో కాలేయం అని రాసి బాణం కడుపు మీదకి పెట్టారు. వాళ్ళు కావాలని పెట్టింది కాదంట. అచ్చయిపోయిన పుస్తకంలో కూడా అలాగే ఉందంట. ఆవిడ పుస్తకం తెప్పించి చూసి, నాలుగేళ్ళుగా పిల్లలు చదువుతున్నారు దీన్ని అని తల పట్టుకుంది."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. చెప్పులు తీసి పక్కన పెట్టుకుంటూ, "ఒకటో తారీకునుంచి రమ్మన్నారు," అంది. "పొద్దున ఎనిమిదింటికి బయలుదేరాలి. పాప టిఫిను డబ్బా మీరే కట్టాలి. డబ్బా ఇంట్లోనే ఉంటుంది, సరిగ్గా చూడండి."

సరేనన్నాను. పాప చేతులు కడుక్కుని వచ్చి వాళ్ళమ్మ ఒళ్ళో ఎక్కి కూర్చుంది.